గేరు పెట్టె దించే ముందు



మీ ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక పాత కారు నిలబడి ఉండవచ్చు. మీ నాన్నగారో, మామగారో కొన్న ప్రీమియర్ పద్మిని కావచ్చు, అంబాసిడర్ కావచ్చు. పెళ్ళిళ్ళకూ ఆసుపత్రులకూ తిరుపతి ప్రయాణాలకూ ఊరంతటికీ అక్కరకొచ్చిన బండి. ఇప్పుడు గేరు పడటం లేదనో, చప్పుడు వస్తోందనో మూల పడింది. అమ్మడానికి మనసు రాదు, బాగు చేయించడానికి మనిషి దొరకడు. హిందూపురంలో ఉన్నా, మదనపల్లెలో ఉన్నా, పావగడలో, చింతామణిలో ఉన్నా మీ కష్టం ఇదే. అందుకని ఈ పాత కారు గేరు పెట్టెను ఇంటి దగ్గరే ఎలా పరీక్షించాలి, ఎలా విప్పాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్న సంగతులు ఇవాళ చెప్పుకుందాం.

ముందుగా ఒక మాట. నేను మెకానిక్కును కాను. బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూ, మా నాన్నగారు 1986లో కొన్న పద్మినిని కాపాడుకుంటూ వస్తున్నవాణ్ణి. నేను నేర్చుకున్నదాంట్లో సగం తప్పులు చేసి నేర్చుకున్నదే. ఆ తప్పులు మీరు చేయకూడదనే ఈ ప్రసంగం.

ఈ కార్లు ఎక్కడివో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఇటలీ వాళ్ళ ఫియట్ 1100 డిలైట్ బండిని బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ వారు 1964 నుంచి మన దేశంలో తయారు చేశారు. 1974లో దానికి పద్మిని అన్న పేరు వచ్చింది. 2001 నాటికి తయారీ ఆగిపోయింది. బొంబాయి వీధుల్లో తిరిగిన పసుపు నలుపు పద్మిని టాక్సీలు కూడా 2023 అక్టోబరు ఆఖరున సెలవు తీసుకున్నాయి. ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి పుట్టిన అంబాసిడర్ తయారీ పశ్చిమ బెంగాల్లోని ఉత్తరపారాలో 2014 మే నెలలో నిలిచిపోయింది. అంటే ఈ బండ్లకు కొత్త గేరు పెట్టెలు ఇక రావు. లోకంలో ఉన్నవే ఉన్నవి. తొందరపడి ఒక గేరు పన్ను విరగగొడితే దాని బదులు ఇంకొకటి వెతుక్కోవాలి, దొరక్కపోతే చేయించుకోవాలి. అందుకే పాత కారు విషయంలో మొదటి సూత్రం ఇది: పెట్టె దించే ముందు, జబ్బు పెట్టెలోనే ఉందా అని తేల్చుకోండి.

ఎందుకు చెబుతున్నానంటే, ఒకనాడు మా పద్మిని హెబ్బాళ దగ్గర రద్దీలో రెండో గేరుకూ మూడో గేరుకూ నడుమ ఇరుక్కుపోయింది. స్టీరింగు పక్కనున్న గేరు కడ్డీ అటు కదలదు, ఇటు కదలదు. వెనక బండ్ల హారన్లు. తోసుకుంటూ పక్కకు చేర్చాం. దగ్గర్లోని ఒక షెడ్డులో చూపిస్తే, గేరు పెట్టె దించాల్సిందే, లోపల గేర్లు పోయాయి అన్నారు. పెద్ద మొత్తమే చెప్పారు. ఎందుకో మనసొప్పక బండిని ఇంటికి లాగించుకున్నాను. మా వీధిలో చింతామణి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉండేవారు. కుర్రతనంలో టాక్సీలు బాగు చేసిన మనిషి. ఆయన బానెట్ ఎత్తి, స్టీరింగు గొట్టం అడుగున ఉన్న కడ్డీలను రెండు వేళ్ళతో పట్టుకుని ఊపారు. గడగడ ఊగాయి. "సామీ, పెట్టె జోలికి పోవద్దు. బుష్షులు అరిగిపోయినాయి, అంతే," అన్నారు. రెండు చిన్న బుష్షులు మార్చాం. బండి నడిచింది.

ఆ రోజుల్లో డ్రైవర్లు దారిలో బండి ఆపి, బానెట్ ఎత్తి, లోపల ఏదో కడ్డీని చేత్తో లాగి మళ్ళీ బయలుదేరడం మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ కడ్డీల కీళ్ళు అరిగితే గేరు ఒక గాడిలోంచి ఇంకో గాడిలోకి సరిగా పోదు, నడుమ చిక్కుకుంటుంది. దాన్ని న్యూట్రల్‌లోకి తేవడమే వాళ్ళు చేసిన పని. పెట్టెలో ఏ లోపమూ ఉండదు.

ఇక గేరు పెట్టె పని చేసే తీరు నాలుగు మాటల్లో చెబుతాను. అది తెలిస్తే పరీక్ష సులువవుతుంది. సైకిలును గుర్తు తెచ్చుకోండి. చిన్న పళ్ళచక్రం పెద్ద చక్రాన్ని తిప్పితే వేగం తగ్గుతుంది, బలం పెరుగుతుంది. ఇరవై పళ్ళ చక్రం నలభై పళ్ళ చక్రాన్ని తిప్పితే అది రెండు చుట్లు తిరిగినప్పుడు ఇది ఒక్క చుట్టే తిరుగుతుంది. వేగం సగం, లాగే శక్తి రెట్టింపు. నంది కొండ ఎక్కేటప్పుడు మనకు కావలసింది ఇదే. గేరు పెట్టెలో ముందు నుంచి వచ్చే ఇరుసు ఒకటి, వెనక్కు పోయే ఇరుసు ఒకటి, వాటి కింద లే షాఫ్టు అనే ఇంకో ఇరుసు ఉంటాయి. ఒకటి, రెండు, మూడు గేర్లలో బలం ముందు ఇరుసు నుంచి కింది ఇరుసుకు దిగి, మళ్ళీ పైకెక్కి వెనక్కు పోతుంది. ఈ కార్లలో నాలుగో గేరు మాత్రం సూటి దారి. ముందు ఇరుసూ వెనక ఇరుసూ కలిసి ఒక్కటిగా తిరుగుతాయి.

తిరుగుతున్న చక్రాలను గరగర లేకుండా కలపడానికి ఇత్తడి వంటి లోహంతో చేసిన రింగులు ఉంటాయి. వాటిని సింక్రో రింగులంటారు. రెండు భాగాల వేగాన్ని ముందు సమానం చేసి, ఆ తర్వాతే కలవనిస్తాయి. అమెరికాలో ఎర్ల్ థాంప్సన్ అనే ఇంజనీరు రూపొందించిన ఈ ఏర్పాటు 1928లో కాడిలాక్ కార్లలో వచ్చింది. మన పద్మినికీ పాత అంబాసిడర్‌కూ రెండు, మూడు, నాలుగు గేర్లకే ఈ రింగులున్నాయి. మొదటి గేరుకు లేవు. కాబట్టి బండి కదులుతుండగా మొదటి గేరు వేస్తే గర్రుమంటుంది. అది జబ్బు కాదు, దాని స్వభావం. బండి పూర్తిగా ఆగాక వేయండి, చప్పుడుండదు. ఈ ఒక్క సంగతి తెలియక పెట్టె విప్పించినవాళ్ళున్నారు.

ఇప్పుడు పరీక్షలు. ఇంజను ఆపి ఉంచి గేర్లన్నీ వేసి చూడండి. ఆపినప్పుడు చక్కగా పడి, ఇంజను తిరుగుతున్నప్పుడు పడకపోతే తప్పు క్లచ్చుది. నిర్ధారించుకోవాలంటే, బండి నిలబెట్టి ఇంజను నడుస్తుండగా క్లచ్చు పూర్తిగా తొక్కి, మూడు నాలుగు క్షణాలు ఆగి రివర్సు వేయండి. అయినా గరగరమంటే క్లచ్చు సరిగా విడవడం లేదన్నమాట. ముందు క్లచ్చు సర్దుబాటు చూసుకోండి.

తరువాత చెవి పెట్టి వినండి. న్యూట్రల్‌లో ఇంజను తిరుగుతుంటే రొద వస్తోంది, క్లచ్చు తొక్కగానే ఆగిపోతోంది అనుకోండి. పెట్టెలో ముందు ఇరుసు బేరింగో, కింది ఇరుసు బేరింగో అరిగి ఉండవచ్చు. దీనికి విరుద్ధంగా, క్లచ్చు తొక్కినప్పుడే చప్పుడు వస్తే అది క్లచ్చు బేరింగు. ఒకటి, రెండు, మూడు గేర్లలో రొద ఉండి నాలుగులో తగ్గితే కింది ఇరుసును అనుమానించండి. ఒక్క గేరులోనే చప్పుడైతే ఆ గేరు జతనే చూడాలి. గేరు దానంతటదే జారిపోతుంటే ముందు బయటి కడ్డీలు, పెట్టెను మోసే రబ్బరు దిమ్మ చూసి, అవి బాగుంటేనే లోపలి సంగతి ఆలోచించండి.

ఆఖరి పరీక్ష ఆయిలు. పెట్టె అడుగు బోల్టు విప్పి పాత ఆయిలు ఒక తెల్ల గిన్నెలోకి దించండి. బూడిదరంగు మెత్తటి పొడి కొద్దిగా ఉంటే వయసు లక్షణం, దిగులు లేదు. పసుపు మెరుపు ఎక్కువగా కనిపిస్తే సింక్రో రింగులు అరుగుతున్నాయి. ఇనుప పెచ్చులూ పన్ను ముక్కలూ వస్తే ఇక సందేహం లేదు, పెట్టె విప్పాల్సిందే. ఆ పాత ఆయిలును దయచేసి మోరీలో పోయకండి. మన మోరీలు చెరువులకే పోతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవారికి ఇవ్వండి.

సరే, విప్పక తప్పదని తేలింది. నేను చెప్పే మాటలన్నిట్లోకీ ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎప్పుడూ దూరకండి. జాకీ ఎత్తడానికే తప్ప మోయడానికి కాదు. చదునైన గట్టి నేల మీద, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టి, ఉక్కు స్టాండ్ల మీద బండిని నిలపండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పనికిరావు, బరువుకు ఉన్నట్టుండి పగిలిపోతాయి. స్టాండ్ల మీద దించాక బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. కదలకపోతేనే లోపలికి వెళ్ళండి. పక్కన ఇంకో మనిషి తప్పనిసరి. గేరు పెట్టె ఒక్కరే పొట్ట మీద ఆనించుకుని దించే బరువు కాదు.

బ్యాటరీ తీగ తీసేయండి. వెనక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టు విప్పే ముందు, రెండు అంచులు కలిసేచోట ఉలితో చిన్న గీత పెట్టండి. మళ్ళీ అదే స్థానంలో బిగించకపోతే బండి వణుకుతుంది. స్పీడోమీటరు తీగ, గేరు కడ్డీలు, క్లచ్చు కడ్డీ విడదీయండి. ఇంజను వెనక భాగం కుంగిపోకుండా కింద చెక్క దిమ్మ పెట్టి ఇంకో జాకీతో ఆనించండి. ఆ తర్వాతే వెనక అడ్డపట్టీ, చుట్టూ బోల్టులు. పెట్టెను సూటిగా వెనక్కి లాగాలి. సగంలో వేలాడనిస్తే దాని బరువంతా క్లచ్చు ప్లేటు మీద పడి ప్లేటు వంగిపోతుంది.

దించిన పెట్టెను ముందు బయటంతా డీజిలుతో కడగండి, తర్వాతే తెరవండి. మట్టి ఒక్క చిటికెడు లోపలికి పోయినా బేరింగులకు శత్రువే. తెల్ల గుడ్డ పరిచి, తీసిన ప్రతి భాగాన్నీ తీసిన వరుసలో, తీసిన ముఖంతో పెట్టండి. ఒకప్పుడు మేం నోటుబుక్కులో బొమ్మలు గీసుకునేవాళ్ళం. ఇప్పుడు అందరి చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, ప్రతి మెట్టుకూ ఫొటో తీయండి. మూత తీసేటప్పుడు చిన్న స్ప్రింగులూ గోళీలూ ఎగిరిపడతాయి, పైన గుడ్డ కప్పి తీయండి. కింది ఇరుసులో సన్నని సూదుల్లాంటి రోలర్లుంటే లెక్కపెట్టి రాసుకోండి. బిగించేటప్పుడు వాటిని గ్రీజుతో అతికించి నిలపాలి, ఒక్కటి తగ్గినా ఊరుకోకూడదు. రాని భాగాన్ని ఉక్కు సుత్తితో కొట్టకండి. పుల్లరు వాడండి, లేదా దగ్గర్లోని లేత్ షాపులో ప్రెస్సు మీద తీయించండి. అయిదు నిమిషాల పని.

ఇప్పుడు సామాన్ల సంగతి. బెంగళూరులో టౌన్ హాలు నుంచి మినర్వా సర్కిలు వైపు సాగే జె.సి. రోడ్డు, పక్కనే కలాసిపాళ్యం మోటారు సామాన్లకు పేరుపడ్డవి. శివాజీనగరంలో గుజరీ అంగళ్ళున్నాయి. అక్కడ తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు వస్తుంది, మొహమాటపడకండి. పాత భాగాన్ని తప్పక చేత పట్టుకుని వెళ్ళండి. పళ్ళు లెక్కపెట్టి, పక్కపక్కన పెట్టి చూసి కొనండి.

బేరింగుల కోసం మాత్రం బెంగళూరు దాకా రానక్కరలేదు. బేరింగు అంచు మీద ఒక సంఖ్య చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 6206 అనుకోండి. చివరి రెండు అంకెలు 06ను అయిదుతో హెచ్చిస్తే 30. అంటే లోపలి రంధ్రం 30 మిల్లీమీటర్లు. ఈ లెక్క 04 నుంచి పైకి వర్తిస్తుంది. ఏ కారుదైనా, ఏ పంపుసెట్టుదైనా 6206 బేరింగుకు కొలతలు అవే. మీ ఊళ్ళో మోటారు పంపులకు బేరింగులమ్మే అంగట్లోనే దొరకవచ్చు. సంఖ్య వెనకున్న అక్షరాలు కూడా సరిపోవాలి సుమా. ఎన్.ఆర్. అని ఉంటే బయట గాడీ, అందులో రింగూ ఉన్న రకమని అర్థం. ఆయిలు సీళ్ళు కూడా లోపలి కొలత, బయటి కొలత, మందం చెబితే దొరుకుతాయి.

గేరే పోయి, ఎక్కడా దొరక్కపోతే చేయించుకోవాల్సి వస్తుంది. 1953లో హెచ్.ఎం.టి. మొదలైన ఊరు బెంగళూరు. యంత్రాలు తెలిసిన చేతులు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. పీణ్యా పారిశ్రామికవాడలో గేర్లు కోసే చిన్న కర్మాగారాలున్నాయి. కాని పళ్ళు కోయడంతోనే పని పూర్తి కాదు. పై పొర గట్టిగా, లోపలి భాగం సాగేట్టుగా ఉండేలా ఉక్కును కాల్చి చల్లార్చాలి. దాన్ని కేస్ హార్డెనింగ్ అంటారు. అది చేయని గేరు చూడ్డానికి అందంగానే ఉంటుంది, కొన్నాళ్ళకే అరిగిపోతుంది. కాబట్టి గట్టిదనం మాట ముందే మాట్లాడుకోండి.

ఇక నా తప్పు చెబుతాను. బుష్షులు మార్చిన రెండేళ్ళకు మా పద్మినిలో రెండో గేరు నిజంగానే జారిపోవడం మొదలైంది. పరీక్షలన్నీ చేశాం, జబ్బు లోపలే. నేనూ మా బావమరిదీ కలిసి రెండు ఆదివారాలు కష్టపడి బాగు చేసి ఎక్కించాం. బండి చక్కగా నడిచింది. గుడ్డ మీద ఒక చిన్న పిన్ను మిగిలిపోయింది. గోరంత ఉంది. ఏ మూలదో అనుకుని డబ్బాలో వేశాం. పదిహేను రోజుల తర్వాత ఇంట్లోంచి వెనక్కి తీస్తుంటే బండి ఉన్నట్టుండి బిగుసుకుపోయింది. వెనక చక్రాలు తిరగవు, గేరు రాదు. ఒకేసారి రెండు గేర్లు పడిపోయాయి. అలా పడకుండా అడ్డుకునేదే ఆ గోరంత పిన్ను.

గేటు దగ్గర నిదానంగా ఉన్నాం కాబట్టి సరిపోయింది. అదే బళ్ళారి రోడ్డు మీద వేగంగా పోతున్నప్పుడు జరిగి ఉంటే? వెనక సీటులో మా అమ్మ ఉండేది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

చింతామణి పెద్దాయన నన్ను కోప్పడలేదు. "నాయనా, బండి మీద ఎక్కించక ముందే బల్ల మీద పరీక్ష చేసి ఉంటే సరిపోయేది గదా," అన్నారు. ఆ పరీక్ష ఇదీ. బిగించిన పెట్టెను బల్ల మీద పెట్టి ఒక్కొక్క గేరూ వేసి, ముందు ఇరుసును చేత్తో తిప్పండి. నాలుగో గేరులో ముందు ఇరుసు ఒక చుట్టు తిరిగితే వెనకది సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. కింది గేర్లలో వెనకది తక్కువ తిరగాలి. రివర్సులో ఎదురు తిరగాలి. తర్వాత, ఒక గేరు వేసి ఉంచి ఇంకో గేరు తోయడానికి ప్రయత్నించండి. కదలకూడదు. కదిలితే ఆ అడ్డు పిన్ను లేదు, పెట్టె మళ్ళీ తెరవండి. ఒక్క ముక్క మిగిలినా పని పూర్తి కాలేదనే లెక్క.

ఎక్కించాక ఆయిలు పోయాలి. ఇక్కడ ఒక మెలకువ. డబ్బా మీద జి.ఎల్.-4, జి.ఎల్.-5 అని రాసి ఉంటుంది. అంకె పెద్దదైతే మంచిదనుకోకండి. జి.ఎల్.-5లో గంధకం, భాస్వరం కలిసిన మందు ఎక్కువ. వెనక ఇరుసులోని హైపాయిడ్ గేర్లకు అది మేలు. కాని వేడెక్కినప్పుడు కొన్ని రకాలు ఇత్తడి రింగులను తినేయవచ్చు. గేరు పెట్టెకు బండితో వచ్చిన పుస్తకం ఏది చెబితే అదే పోయండి. బండి చదునుగా ఉండగా పక్కన ఉన్న బోల్టు రంధ్రం అంచుకు ఆయిలు వచ్చి కారేదాకా పోస్తే చాలు.

చివరిగా, ఎక్కడ ఆగాలి? చదునైన చోటు లేకపోతే, ఉక్కు స్టాండ్లు లేకపోతే, తోడు మనిషి లేకపోతే మొదలే పెట్టకండి. పెట్టె దించి, లోపల చూసి అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మూత మళ్ళీ పెట్టి, ఊళ్ళో తెలిసిన పెద్ద మెకానిక్కు దగ్గరికి తీసుకువెళ్ళండి. వాళ్ళు వయసు మీద పడుతున్నవాళ్ళు. వాళ్ళ చేతుల్లో ఉన్న విద్య చాలావరకు ఏ పుస్తకంలోనూ లేదు. మీ బండి బాగు చేయించుకునే నెపంతో పక్కన నిలబడి చూడండి, అడగండి, రాసుకోండి. ఇంట్లో పిల్లలుంటే వాళ్ళనూ తీసుకువెళ్ళండి.

మా పెద్దాయన ఇప్పుడు లేరు. ఆ గోరంత పిన్నును రెండోసారి పెట్టె విప్పినప్పుడు దాని చోట్లో ఆయనే పెట్టారు. పద్మిని ఇప్పటికీ నడుస్తోంది. గేరు మార్చిన ప్రతిసారీ ఆయన మాట గుర్తొస్తుంది. మీ వేపచెట్టు కింది బండి దగ్గరికి ఈ ఆదివారం ఒకసారి వెళ్ళండి. స్పానరు పట్టుకోకముందు బానెట్ ఎత్తి, ఆ కడ్డీలను రెండు వేళ్ళతో ఊపి చూడండి.